సాక్ష్యం చెప్పిన మర్నాడు

"చెప్పినవా, లేదా? ఒక్క మాటనే అడుగుతున్న అక్సా. నిన్న మీ మందిరంల లేచి నిలబడి, నాకు బాగైందని చెప్పినవా, లేదా?"

ఖతీజా గడప బయటే నిలబడి అడిగింది. పక్కింట్లో కిరాయికి దిగిన నాటి నుంచి ఆ గడప దగ్గర ఆగి ఎరగని మనిషి. చెప్పులు విడిచి తిన్నగా వంటింట్లోకి వచ్చి, కూర గిన్నె మూత తీసి చూసి, ఉప్పు తగ్గిందని తీర్పు చెప్పి పోయే మనిషి. ఈ సోమవారం పొద్దున చెప్పులు కూడా విప్పలేదు.

డ్యూటీకి బయల్దేరుతూ చీర మీద ఖాకీ కోటు తొడుక్కుంటున్న అక్సా చేతులు గుండీల దగ్గర ఆగిపోయాయి.

జవాబు వెనక నుంచి వచ్చింది.

"చెప్పింది," అన్నది విశ్రాంతమ్మ, అక్సాకు అత్తగారు. బియ్యం చాట పట్టుకుని వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంది. "ఎందుకు చెప్పదు? దేవుడు చేసిన మేలు కొంగున కట్టుకుని దాచుకోవాల్నా? మందిరం నిండ జనం విన్నరు."

"మా ఆయన కూడ విన్నడు పెద్దమ్మా. మందిరంల కాదు, డిపోల విన్నడు. మీ పాటల గుంపుల ఉండే క్యాష్ క్లర్కు పొద్దుగాల రాంగనే అందరికీ చెప్పిండంట. ఎర్రగడ్డ కుర్చీ ఖాళీ అయితున్నదని చప్పట్లు కొట్టిండ్రంట."

'ఎర్రగడ్డ కుర్చీ' అన్నప్పుడు ఖతీజా గొంతు కాస్త తగ్గింది. డిపోలో బస్‌పాసుల కౌంటర్ వెనక అక్సా కూర్చునే కుర్చీకి, హైదరాబాద్ పిచ్చాసుపత్రిని తలచుకుని జనం పెట్టిన పేరది. ఎదురుగా ఎవరూ అనరు. పక్కకు తిరిగి అంటారు, వినపడేంత గట్టిగా.

"అక్కా, లోపలికి రా," అన్నది అక్సా.

"రాను. వస్తే నీ మొఖం చూసి అడగలేక పోత. నీకు బాగైతే నేను ఏడుస్తనా? నీ కోసం దర్గాల చాదర్ కప్పిన దాన్ని. బాగైంది, సంతోషం. మరి బాగైనంక నీ రూటు నువ్వు చెయ్యాలె గదా. మా ఆయన ఎందుకు చెయ్యాలె?"

ఖతీజా పెనిమిటి సలీం కూడా ఆ డిపోలోనే కండక్టరు. షుగరు మనిషి. అక్సా కౌంటర్‌కు మారిన రోజు నుంచి ములకలపల్లి అడవి రూటు, నైట్ హాల్ట్ డ్యూటీ అతని మెడకు పడింది. మధ్యాహ్నం బయల్దేరి, ఊరూరా జనాన్ని దిగబెట్టి, చివరి ఊళ్లో బస్సులోనే పడుకుని, తెల్లారి తిరిగి రావాలి. వానాకాలం బురదలో నడిచి నడిచి కుడికాలి వేలికి పుండు పడింది. మానలేదు.

"దవాఖానాకు తీస్కపోయిన," అన్నది ఖతీజా. "లైట్ డ్యూటీకి కాగితం రాసియ్యమంటే, పుండు వైకల్యం కాదమ్మా అన్నడు డాక్టరు. వేలు తీసేస్తే అప్పుడు రమ్మన్నడు. వేలు పొయ్యేదాక ఆగాలెనంట. మేనేజర్ సారేమో, కౌంటర్ల కుర్చీ ఖాళీ అయితే ఇప్పుడే కూసోబెడ్త అన్నడు. ఇగ నువ్వే చెప్పు."

అక్సా ఆగిన గుండీ పెట్టుకుంది. ఖతీజా కాసేపు ఆగి చూసి, చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్లిపోయింది.

అక్సా సంగతి వాళ్లుండే ఖానాపురం హవేలి పేటలో ఎవరికి తెలియదు గనక. మొన్న ఎండాకాలం అదే ములకలపల్లి రూటులో, అడవి మధ్య ఒక స్టేజీ దగ్గర, ఇప్పపువ్వు మూటతో ఓ ముసలామె దిగుతోంది. బస్సు కిక్కిరిసి ఉంది. దిగిందనుకుని అక్సా "రైట్" అన్నది. ముసలామె ఇంకా దిగలేదు. మూట తలుపు సందులో ఇరుక్కుంది, మనిషి చక్రం కిందికి పోయింది.

కండక్టరు తప్పు లేదని విచారణలో తేల్చారు. కాగితం మీద తేలింది గానీ అక్సా మనసులో ఏదీ తేలలేదు. నెల తిరక్కుండానే, అదే మలుపులో, కదులుతున్న బస్సులోంచి దూకేసింది. డ్రైవరు బస్సు ఆపి వెనక్కి పరుగెత్తేసరికి టేకు చెట్ల మధ్య ఆకులు తవ్వుతూ కనిపించింది. ముసలామె మూట వెతుకుతున్నానని చెప్పింది. కబురంది విశ్రాంతమ్మ పోయేదాకా తవ్వుతూనే ఉంది. వెళ్లి ఒడిలో పడుకోబెట్టుకుని ఇంటికి తెచ్చింది విశ్రాంతమ్మే. తర్వాత వారం రోజులూ కోడలి పక్కన కూర్చుని ఒక్క కునుకైనా తీయనిది కూడా విశ్రాంతమ్మే. ఈ మాట ఇక్కడే చెప్పుకోవాలి, ముందు ముందు ఆమె మీద కోపం వస్తుంది గనక.

తర్వాత యూనియన్ వాళ్లు చట్టం తిరగేశారు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన మనిషిని తీసెయ్యకూడదు, జీతం తగ్గించకూడదు, చేయగలిగిన పని చూపించాలి. మనసు జబ్బు కూడా ఆ చట్టం కిందికే వస్తుంది. మంచి చట్టం. రాసినవాళ్లు ఒక్కో డిపోలో కుర్చీలెన్ని ఉంటాయో మాత్రం చూసుకున్నట్టు లేదు.

అలా వచ్చింది అక్సాకు ఆ కౌంటర్.

"ముందుగాల టిఫిన్ చెయ్యి," అన్నది విశ్రాంతమ్మ చాట కింద పెడుతూ. "ఖతీజా మనసు మంచిదే. ఇయ్యాల ఏదో కడుపుమంట."

"అత్తమ్మా, ఇప్పుడు నన్ను మళ్ల ఆ బస్సెక్కిస్తరు."

"ఎక్కిస్తే ఎక్కు. నీకేమైంది? బాగైంది. నువ్వే చెప్పినవు."

అక్సా భర్త వైపు చూసింది. క్రిస్టోఫర్ గోడకు ఆనుకుని ఇడ్లీ తింటున్నాడు. బస్టాండు వెనక మోటారు రివైండింగ్ షాపు అతనిది. కాలిపోయిన మోటారును ముక్కుతో వాసన చూసి ఏ తీగచుట్ట పోయిందో చెప్పగలడు. తల్లికీ పెళ్లానికీ మధ్య ఏం కాలుతోందో మాత్రం వాసన తగిలీ తగలకముందే చెప్పులు వెతుక్కుంటాడు.

"నువ్వన్న చెప్పయ్యా," అన్నది అక్సా.

"ఏం చెప్పాలె? సాక్ష్యం చెప్పేముందు నన్నడిగినవా?"

"అడిగితే ఏమంటుంటివి?"

క్రిస్టోఫర్ నీళ్లు తాగాడు. తాగినంతసేపూ తాగాడు. "షాపుకు ఆలస్యమైతున్నది," అని లేచాడు.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. వీళ్ల మందిరంలో సాక్ష్యం అంటే, కష్టం నుంచి బయటపడ్డ మనిషి ఆదివారం అందరి ముందూ నిలబడి దేవుడు తనకేం చేశాడో చెప్పడం. కోడలు కోలుకుంటే సాక్ష్యం చెప్పిస్తానని విశ్రాంతమ్మ మొక్కుకుంది. స్త్రీల సమాజానికి పెద్ద ఆమె. ఎందరి కోడళ్ల కోసమో ప్రార్థన చేసిన మనిషి, సొంత కోడలిని ముందు వరసలోకి తీసుకొచ్చి మైకు చేతికిచ్చింది.

నిజం చెప్పాలంటే ఆ క్షణాన అక్సా అబద్ధమాడలేదు. అన్ని ముఖాలు తన వైపు అంత ప్రేమగా చూసి ఎన్నాళ్లయిందో. గుండె నిజంగానే తేలికపడింది. ప్రభువు నన్ను బాగు చేసిండు అన్నది. హల్లెలూయ అన్నారు. ఆ ఊపులోనే, ఎవరూ అడగకుండానే, "మందులు కూడ ఆపేసిన" అని నోరు జారింది.

మందులు ఆపలేదు. అత్తగారి కంట పడకుండా కౌంటర్ సొరుగులో ఉన్నాయి.

*

డిపో మేనేజర్ మోతీలాల్ నోటి దురుసుకు మెకానిక్‌ల దగ్గర్నుంచి స్వీపర్ల దాకా భయపడతారు. అక్సాను మాత్రం కూర్చోమన్నాడు.

"వింటున్నది నిజమేనా అమ్మా?"

"నిజమే సార్. చెప్పిన."

"నీకు లైట్ డ్యూటీ ఇచ్చినప్పుడు పైవాళ్లు నన్నేమన్నరో తెలుసా? కాలు విరిగితే ఎక్స్‌రే ఉంటది, మనసు విరిగితే ఏం చూపిస్తరు మోతీలాల్ అన్నరు. నేను నీ తరఫున కొట్లాడిన. ఇప్పుడు నువ్వే మైకు పట్టుకుని, మందులు కూడ లేవన్నవు."

"సార్, అది..."

"నన్ను చెప్పనియ్యి. బుధవారం డాక్టరు వస్తుండు. నీ ముందు రెండే ఉన్నయి. బాగైందంటవు, రూటు ఎక్కుతవు. జబ్బొచ్చింది, తగ్గింది, తప్పేం లేదు. నీ కుర్చీల సలీంను కూసోబెడ్త. లేదంటే, బాగు కాలేదంటవు. అప్పుడు ఆదివారం చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలె. దేవుని ముందల అబద్ధమాడిన మనిషి డాక్టర్ ముందల నిజం చెప్పిందని నేనెట్ల నమ్మియ్యాలె పైవాళ్లను?"

అక్సా టేబుల్ అంచు పట్టుకుని వింటోంది.

"ఇంకోటి," అన్నాడు మోతీలాల్, గొంతు తగ్గించి. "నిన్ను చూసి ధైర్యం తెచ్చుకుని ఇంకో ఇద్దరు నా దగ్గరికి వచ్చిండ్రు. ఒక మెకానిక్, ఒక డ్రైవర్. ఇన్నేండ్లు మనసు బాధ ఎవరికీ చెప్పుకోలేదంట పాపం. నీది నాటకమని పేరు పడితే వాళ్ల దరఖాస్తులు తెరిచి కూడ చూడరు."

బయటికొచ్చి కౌంటర్‌లో కూర్చుంది. కాలేజీ పిల్లలు పాసుల కోసం వరసలో తోసుకుంటున్నారు. ఫొటోలు అంటించింది, ముద్రలు వేసింది. లెక్క చాలా తేలిక. బాగైంది అని ఒక్క మాట అంటే చాలు. సలీం కాలు మానుతుంది, ఖతీజా మళ్లీ వంటింట్లోకి వస్తుంది, అత్తగారు తలెత్తుకునే ఉంటుంది, ఎవరో కూడా తెలియని ఇద్దరికి దారి మూసుకుపోదు. మునిగేది ఒక్క మనిషే. అడవి పేరు తలచుకుంటేనే అరచేతులు చెమట పట్టి ముద్ర జారిపోయింది. తనమీద తనకు అసహ్యం వేసింది. అంత కన్నా ఎక్కువగా భయం వేసింది.

*

మంగళవారం సాయంత్రం వాన. విశ్రాంతమ్మ పెరటి గుమ్మంలో కూర్చుని చుక్కకూర తుంచుతోంది. అక్సా వచ్చి ఎదురుగా కూర్చుంది. తనూ ఒక కట్ట విప్పింది.

"అత్తమ్మా, నేను గోళీలు ఆపలేదు."

విశ్రాంతమ్మ చేతులు ఆగలేదు. పండిన ఆకు తీసి పక్కన పడేసింది. మరో కాడ అందుకుంది.

"తెలుసు," అన్నది.

అక్సాకు సరిగా వినపడలేదేమో అనిపించింది.

"ట్రైనింగ్, ట్రైనింగ్ అని హైదరాబాద్ పోతున్నవు. పాసులకు ముద్రలు కొట్టేదానికి అన్ని ట్రైనింగులు ఎందుకే? ఇంట్ల ఉన్నదాన్ని. గుడ్డిదాన్ని కాదు. డాక్టర్ కాడికి పొయ్యి గోళీలు తెచ్చుకుంటున్నవు."

"తెలిసి నన్ను మైకు ముందల నిలబెట్టినవా?"

విశ్రాంతమ్మ మరో కట్ట ముందుకు లాక్కుంది. చూరు నీళ్లు బకెట్‌లో పడుతున్నాయి.

"మీ మామ పోయినంక నాకు అన్నం సయించలే," అన్నది. "పొద్దంత పండుకునేదాన్ని. పోరడు ఏడుస్తుంటే వినపడేది కాదు. మా అత్త నన్ను గుంజుకపోయి మందిరంల నిలబెట్టింది. నేను లేచిన, దేవుడు లేపిండు అని చెప్పిన. చెప్పినప్పుడు లేవలే అక్సా. చెప్పినంక లేచిన. అందరి ముందల చెప్పిన మాట గదా, నిలబెట్టుకోవాలె గదా, అట్ల లేచిన. నీక్కూడ గట్లనే అయితదనుకున్న."

"నాకు కాలేదు అత్తమ్మా."

"ఆదివారం నీ మొఖం చూసినంక అయిందనే అనుకున్న."

అక్సాకు ఏడుపు వచ్చింది. కోపంతో రావలసిన ఏడుపు. ఈ మనిషి మీద కోపం పట్టుకుని ఉంచుకోవడం ఎంత కష్టమో ఆమెకు ఇప్పుడే తెలుస్తోంది. చెడ్డ అత్త అయినా బాగుండేది.

"రేపు డాక్టర్‌కు నిజం చెప్పాల్నా వద్దా? నువ్వే చెప్పు."

"నన్నడగకు."

"మరెవరినడగాలె?"

"నువ్వు బాగు కాలేదంటే, దేవుని పేరు మీద అబద్ధమాడింది నువ్వు కాదు, నేను. ఇంత మందికి ప్రార్థన చేసి, ఇంత మందిని ఓదార్చి, ఇప్పుడు ఆ మందిరంల ఏ మొఖం పెట్టుకుని కూసోవాలె?" విశ్రాంతమ్మ కూర గిన్నె ఎత్తుకుని లేచింది. మోకాలు పట్టేసి, తలుపు పట్టుకుని నిలబడింది. "చెప్పొద్దని అంటలేను. చెప్పమని నా నోటితోటి అనలేను. గంతే."

కూరలో ఆ పూట ఉప్పే పడలేదు. క్రిస్టోఫర్ మారు మాట లేకుండా తిని లేచాడు.

*

బుధవారం పొద్దున విశ్రాంతమ్మ ఆదివారం కట్టే తెల్లచీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. "నేను వస్త," అన్నది. ఎందుకని కోడలు అడగలేదు. షేర్ ఆటోలో ఒకరి మోచేయి ఒకరికి తగులుతూ కూర్చున్నారు.

మేనేజర్ గది బయట బల్ల మీద ఖతీజా అప్పటికే కూర్చుని ఉంది. విశ్రాంతమ్మ వెళ్లి ఆ బల్ల మీదే, కాస్త ఎడంగా కూర్చుంది. మధ్యలో ఖతీజా తెచ్చిన టిఫిన్ సంచి. ఒకరి ఇంటి పచ్చడి ఒకరి ఇంట్లో తినే ఆడవాళ్లు పరాయి వాళ్లలా ముందుకు చూస్తున్నారు. అవతల, మధ్యాహ్నం పోవలసిన ములకలపల్లి బస్సుకు ఆనుకుని సలీం నిలబడ్డాడు. ఎడమ కాలికి బూటు. కుడి కాలికి హవాయి చెప్పు, దాని మీద వాన తగలకుండా చుట్టిన ప్లాస్టిక్ కవరు. అక్సాను చూసి తల వంచుకున్నాడు. అతను ఏదైనా అని ఉంటే బాగుండు.

డాక్టరు తొందరలో ఉన్నాడు. బీపీ చూశాడు. కళ్లు చూశాడు.

"నిద్ర పడుతుందా?"

"పడుతుంది సార్."

"ఆకలి?"

"అవుతుంది."

"బస్సు ఎక్కాలంటే భయం లాంటిదేమైనా ఉందా ఇంకా?"

తలుపు తెరిచే ఉంది. బల్ల మీద ఆడవాళ్లిద్దరూ కనపడుతున్నారు. ఇద్దరి పెదాలూ కదులుతున్నాయి. ఒకరు ఎవరికి మొక్కుతున్నారో, ఇంకొకరు ఎవరికి మొక్కుతున్నారో అక్సాకు తెలుసు. ఖతీజా ఏం కోరుతోందో తెలుసు. అత్తగారు ఏం కోరుతోందో ఇవాళ తెలియదు. నిన్న కూడా చెప్పలేదు.

రాత్రి నుంచి నూరుసార్లు అనుకున్న మాట గొంతు దాకా వచ్చింది. బాగు కాలేదు సార్. అంతే. అంత చిన్న మాట.

"లేదు సార్," అన్నది. "బాగైంది."

మోతీలాల్ గట్టిగా ఊపిరి వదిలాడు. అతని ముఖంలో నిజమైన సంతోషం. "నేను అనలే డాక్టర్ గారు? ఇగ పైవాళ్లకు చూపిస్త. అవకాశమిస్తే మనిషి మళ్ల లేస్తదని." డాక్టరు రాసిన కాగితం కింద అక్సా సంతకం చేసింది. "అమ్మా, వచ్చే వారం, పై వారం అని సాగదియ్యొద్దు. వాన చూసినవు గదా, సలీం కాలు చూసినవు గదా. ఇయ్యాల మధ్యాహ్నం బస్సుకే ఎక్కు. ఇంటికి పొయ్యి సంచి సర్దుకుని రా జల్దీ."

ఇవాళే అంటాడని అక్సా అనుకోలేదు. కొన్నాళ్లు ఉంటాయనుకుంది. ఆ కొన్నాళ్లలో ఏదో ఒకటి జరుగుతుందనుకుంది. పెన్ను టేబుల్ మీద పెట్టి లేచింది.

బయటికొచ్చేసరికి ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"ఏం చెప్పినవు?" అన్నది విశ్రాంతమ్మ.

"నువ్వు చెప్పించిందే."

విశ్రాంతమ్మ ముఖంలో వెలుగు వస్తుందని అక్సా చూసింది. రాలేదు. 

"ఎప్పటినుంచి?"

"ఇయ్యాల్టి నుంచే. నైట్ హాల్ట్."

"ఆ రూటేనా?"

"ఆ రూటే."

ఖతీజా ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అక్సా చెంపలు రెండు చేతులా పట్టుకుని, "నీ మేలు మరువ," అన్నది. విశ్రాంతమ్మ మాత్రం కోడలి చేతుల వైపే చూస్తోంది. ఖాకీ కోటు అంచు పట్టుకున్న ఆ వేళ్లు వణుకుతున్న తీరు ఆమెకు కొత్త కాదు. టేకు చెట్ల కింద ఆకులు తవ్వుతున్నప్పుడు కూడా ఆ వేళ్లు అలాగే ఉన్నాయి.

విశ్రాంతమ్మ గది వైపు తిరిగింది.

"యాడికి పెద్దమ్మా?" అన్నది ఖతీజా.

"సారుకు చెప్పొస్త. ఆమె రోజూ గోళీలు మింగుతదని చెప్త. నేనే నిలబెట్టి చెప్పించిన అని చెప్త."

ఖతీజా ఒక్క అంగలో గడప దగ్గర ఆమె చెయ్యి పట్టుకుంది.

"పోకు పెద్దమ్మా."

"ఇడువు బిడ్డా."

"ఆమె నోటితోటి ఆమే చెప్పింది. సంతకం కూడ అయిపోయింది. నీ కాళ్లు మొక్కుత, పోకు."

"ఆమె ఆ అడవిల మళ్ల దూకుతది ఖతీజా. ఈసారి నేను పొయ్యేదాక ఉండదు."

"మా ఆయన కాలు పోతది."

ఇద్దరూ గొంతు పెంచలేదు. చెయ్యి గుంజుకునే ఆమె గుంజుకోవడమూ ఆపలేదు, పట్టుకున్న ఆమె వదలనూ లేదు. అవతల బస్సు దగ్గర సలీం ఇటు చూశాడు. కుంటుకుంటూ రెండడుగులు వేసి, ఎందుకు వస్తున్నాడో తనకే తెలియనట్టు ఆగిపోయాడు.

"ఏంది బయట లొల్లి?" లోపలి నుంచి మోతీలాల్ గొంతు. "డాక్టర్ గారు పోతున్నరు. ఎవరికన్న ఇంకా ఏమన్న చెప్పేదుందా?"

విశ్రాంతమ్మా, ఖతీజా ఇద్దరూ అక్సా వైపు చూశారు.